సలోమక్క కత్తెర

పెసరగింజంత చిల్లు అది. పంతొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. అంత చిన్నదానికి బరువేమిటని మీకు అనిపించొచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. నాలుగు రోజులు పోతే మరిచిపోతానులే అనుకున్నాను. మరిచిపోలేదు. ఏడాదికేడాది ఎక్కువైంది. మా ఆయనకి చెప్పలేదు. మా అమ్మ పోయే ముందు పక్కన కూర్చుని గంటలు గంటలు పాత సంగతులన్నీ తవ్వుకున్నాం, అప్పుడూ ఇది మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ధైర్యం వచ్చి చెబుతున్నానని మాత్రం అనుకోకండి.

పేరు చెప్పను. పురసవాక్కంలో బట్టల కొట్లున్న పెద్ద రోడ్డు వెనక, ఒక సందులో, మేడ మీద గదిలో రఫ్ఫు పని చేస్తాను. చిరిగిన బట్టని, చిల్లుపడిన పట్టుచీరని ఎక్కడ చిరిగిందో తెలియకుండా అల్లి ఇవ్వడం. అతుకు వేయడం వేరు, కుట్టడం వేరు, ఇది వేరు. ఆ చీరలోంచే, నడుం దగ్గర లోపలికి దోపుకునే చెంగు నుంచే పోగులు లాగాలి. చిల్లున్న చోట వాటితో పడుగు పరిచి, పేక అల్లుకుంటూ పోవాలి. మగ్గం చేసిన పనిని మళ్ళీ సూదితో చేయాలి. బాగా చేస్తే అక్కడ ఏమీ కనిపించదు. ఏమీ కనిపించకపోవడమే మాకు మెప్పు.

ఈ పనిలో నాకు పేరుంది. సౌకార్‌పేటలో జరీ పోగు కొనడానికి వెళితే కొట్లో పెద్దవాళ్లు లేచి స్టూలు వేస్తారు. మొన్న ఒక ఫ్యాషన్ కాలేజీ వాళ్లు పిలిచారు. పనిలో తృప్తి ఎలా దొరుకుతుందో పిల్లలకి చెప్పాలట. శాలువా కప్పి మైకు ఇచ్చారు. నాకు వచ్చిన తమిళంలో చెప్పాను. నిన్నటి చెయ్యి కన్నా ఇవాళ్టి చెయ్యి మెరుగ్గా ఉండేలా చూసుకోండి, ఒక్క పనిని చివరంటా నేర్చుకోండి, అంతకు మించిన సంతోషం ఎక్కడా దొరకదు అన్నాను. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. తిరిగొస్తూ ఆటోలో ఆ శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నా మీద నాకే రోత పుట్టింది. చెప్పింది అబద్ధమైనా బాగుండేది. అది నిజం. ఆ సంతోషం నాకు బాగా తెలుసు. ఎలా తెలుసో మాత్రం ఆ పిల్లలకి చెప్పలేదు.

ఈ గది మొదట మాస్టర్‌ది. మాస్టర్ గుడియాత్తం వైపు మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. మగ్గం మానేసి ఈ ఊరొచ్చి సూది పట్టాడు. అందరూ మాస్టర్ అనే పిలిచేవాళ్లు. ఆయన దగ్గర మేమిద్దరం పనిచేసేవాళ్లం, నేను, సలోమక్క. నేను చేరినప్పుడు నాకు పదహారేళ్లు. సలోమక్కకి ముప్ఫై దాటాయి. మా వీధి చివర చర్చి పక్కన ఉండేది, నన్ను ఈ పనిలో పెట్టించింది ఆమే. సూదికి దారం ఎక్కించడం దగ్గర్నుంచి నేర్పింది. పట్టు మీద చెయ్యి పెట్టే ముందు సబ్బుతో కడుక్కుని, తడి ఆరాక కాస్త పౌడర్ రుద్దుకోవాలి. గోళ్లు అరగదీసుకోవాలి. ఇవన్నీ ఆమె చెప్పినవే. ఈ రోజుకీ చేతులు కడుక్కునేటప్పుడు ఆమె గొంతు వినిపిస్తుంది. అందుకే చేతులు కడుక్కోవడం కూడా నాకు హాయిగా ఉండదు.

మాస్టర్‌కి ఒక పద్ధతి ఉండేది. చీర రాగానే చిల్లు చుట్టూ గుర్తుకి తెల్లదారంతో టాకాలు వేసేవాళ్లం. పని ముగిశాక ఆ టాకాలు విప్పేసి చీర ఆయన ఒళ్ళో పెట్టాలి. చిల్లు ఎక్కడుండేదో చెప్పకూడదు. ఆయన కళ్ళు మూసుకుని వేలితో తడిమేవాడు. తిరగేసి తడిమేవాడు. కిటికీ వెలుతురుకి ఎత్తి చూసేవాడు. మా పని ఆయనకి దొరికిందా, గోరు పెట్టి చూపించి, పోగులన్నీ పీకేసి, మొదటి నుంచి చేయమని ఇచ్చేవాడు. దొరక్కపోతే ఒక్క మాట కూడా మాట్లాడకుండా చీర మడత పెట్టేవాడు. మడత పెడితే చాలు, ఆ పూట నాకు అన్నం సహించేది కాదు, అంత సంతోషం. జీతం పెంచినప్పుడు కూడా అలా ఉండేది కాదు.

గదికి ఒకటే కిటికీ. దాని కింద ఒక స్టూలు. మంచి వెలుతురు అక్కడే పడుతుంది, కష్టమైన పనులు అక్కడ కూర్చున్నవాళ్లకే వస్తాయి. ఎన్నో ఏళ్లు మాస్టరే కూర్చున్నాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన గుమ్మం దగ్గరికి జరిగి, సలోమక్కని అక్కడ కూర్చోమన్నాడు. అది న్యాయమే. ఆమె చెయ్యి నా చెయ్యి కన్నా మంచిది. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. నేను గోడవైపు, ట్యూబులైటు కింద. చొక్కా జేబులూ, ప్యాంటు మోకాళ్లూ, సిగరెట్టు కాలిన కోట్లూ.

కంచి పట్టుచీరల్లో కోర్వై అని ఒక నేత ఉంది. చీర ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. రెండూ కలిసే చోట ఒంటి పోగు, అంచు పోగు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు మెలిక పడతాయి, చీర పొడుగునా, ప్రతి వరసకీ. ఆ మెలిక దగ్గర చిల్లు పడితే మామూలు రఫ్ఫు పనికిరాదు. రెండు రంగుల్నీ, రెండు సూదుల్నీ ఒకేసారి నడపాలి. ఒక్క మెలిక తప్పినా వేలికి గరుకు తగులుతుంది. మాస్టర్ చేసేవాడు. సలోమక్క రెండుసార్లు చేసింది, రెండుసార్లూ ఆయన మాట్లాడకుండా మడత పెట్టాడు. నేను ఒక్కసారీ చేయలేదు. నా దాకా రాదు. ఎనిమిదేళ్లు చూశాను. ఇంట్లో పాత చీర ముక్కలు కత్తిరించుకుని నేర్చుకున్నాను. నాకు వచ్చేసింది. వచ్చినట్టు నాకు తప్ప ఎవరికీ తెలియదు. రాత్రీ పగలూ ఇదే ధ్యాస. ఒక పని చేతికి వచ్చాక దాన్ని చేయనివ్వకపోతే మనిషి ఏమైపోతుందో ఆ కాలేజీ పిల్లలకి ఎవరైనా చెబితే బాగుండు.

ఆ చీర ఒకావిడ తెచ్చింది. వాళ్లమ్మ పెళ్లిచీర. వంగపండు రంగు ఒళ్లు, పసుపు అంచు. అమ్మ పోయిందట. కూతురి సీమంతానికి తాను ఆ చీర కట్టుకోవాలి, వారంలో కావాలి. చీర మధ్యలో ఒక్కచోట పురుగు కొట్టింది, ఆవగింజంత. తేలిక పని. పొద్దున్నే నేనూ సలోమక్కా చాప మీద చీరంతా విప్పి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాం, ఇంకెక్కడైనా పోయిందేమోనని. అది మా అలవాటు. ఇంకెక్కడా లేదు. టాకాలు వేసి, సలోమక్క చట్రానికి బిగించుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాం. మాస్టర్ ఇంటికి వెళ్లాడు. సలోమక్క చేతులు కడుక్కోవడానికి కిందికి దిగింది. కుళాయి కింద పెరట్లో ఉండేది. ఆమె మెల్లగా కడుక్కుంటుంది, వేలు వేలుకీ సబ్బు పెడుతుంది. మెట్లు దిగి, కడుక్కుని, ఆరబెట్టుకుని ఎక్కి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు బాగా తెలుసు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. చట్రం కింద చీర మడతలు పడి ఉన్నాయి. ఒక మడతలో అంచు కలిసే చోటు పైకి తేలి ఉంది. కత్తెర తీసుకున్నాను. ఒక్క కోత. చిన్న చప్పుడు వచ్చింది, ఇప్పుడు కూడా చెబుతుంటే పళ్ళు జివ్వుమంటున్నాయి. కత్తెర ఎక్కడ ఉందో అక్కడే పెట్టాను. నా చోటికి వచ్చి ఎవరిదో ప్యాంటు మోకాలు ముందేసుకుని కూర్చున్నాను.

ఎందుకు చేశాను? పంతొమ్మిదేళ్లుగా నాకు నేను ఒక జవాబు చెప్పుకుంటూ వచ్చాను. నాకు ఆ చిల్లు కావాలి. అంతే. ఆ చోట, అంత మంచి చీరలో, నా చేతికి ఒక చిల్లు కావాలి. దొంగతనం కాదు, ఎవరికీ నష్టం లేదు, మళ్ళీ అల్లి ఇచ్చేస్తాను కదా, ఉన్నట్టే ఉంటుంది కదా. సలోమక్క గురించి ఆ క్షణంలో ఆలోచనే లేదు. పని మీద పిచ్చి అనుకోండి. వినడానికి బాగానే ఉంది కదూ. ఇంకో నాలుగు ముక్కలు కలిపితే కాలేజీలో కూడా చెప్పుకోవచ్చు.

ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు జరిగింది చెప్పనివ్వండి.

మా పనిలో అందరూ భయపడే పొరపాటు ఒకటుంది. పైన మిగిలిన పోగు కత్తిరించేటప్పుడు కింది మడత కత్తెర నోట్లో పడటం. చూసుకోకపోతే తెలియకుండానే తెగుతుంది. నేర్చుకునే రోజుల్లో అందరం చేసినదే. చెయ్యి తిరిగినవాళ్లు చేయరు. సలోమక్క తన జన్మలో చేసి ఉండదు. పైకొచ్చి కూర్చుని, ఇంకా కత్తెర ముట్టుకోకముందే చట్రం జరుపుకుంటూ ఆమె ఆగిపోయింది. తర్వాత మెల్లగా పిలిచింది.

"ఏం మే, ఇట్ల రా. ఈడ చూడు."

వెళ్లాను. వంగి చూశాను. చూసి ఉలిక్కిపడ్డట్టు నటించాను కూడా.

"ఇది పొద్దున ఉండిందా మే? మనిద్దరమే గదా విప్పింది. నువ్వు చూస్తివా?"

ఒక్క మాట. ఉండిందేమో అక్కా, మనం చూడలేదేమో, అని ఉంటే చాలు. పాత చీర, అంచు నలిగి ఉంటుంది, మాస్టర్ నమ్మేవాడు. ఆమె ఆ మాట కోసమే నా మొహంలోకి చూస్తోంది.

"లేదక్కా," అన్నాను. "పొద్దున లేదు."

"బాగా చూస్తివా?"

"చూస్తినక్కా. అంచంతా చూస్తిని. ఆడ ఏం లేదు."

నేను అబద్ధమాడలేదు, గమనించారా? అక్షరం అక్షరం నిజం. ఆమె పక్కనున్న తన కత్తెర తీసింది. దాని పిడికి నీలం గుడ్డపీలిక కట్టి ఉండేది, మా కత్తెరలు కలిసిపోకుండా. నోరు తెరిచి చూసింది. మొనల దగ్గర వంగపండు రంగు పోగు ముక్క ఒకటి, పసుపుది ఒకటి ఇరుక్కుని ఉన్నాయి.

"అయితే నా చెయ్యే," అంది. "నాకు తెలీనే తెలీలా మే. ఎట్ల తెలీకండా పోతాది?"

ఆ ప్రశ్న నన్ను అడగలేదు. తన చేతిని అడిగింది. కుడిచెయ్యి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మాస్టర్ వచ్చాక ఆమే చెప్పింది, నా వల్లనే అయింది మాస్టర్ అని. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. కన్ను చూపించుకో సలోమీ అన్నాడు. చీర తీసి నాకిచ్చాడు. చట్రం ఖాళీ చేసి, ఆమెని లేపి, నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు.

మూడు రోజులు చేశాను. ఈ మాట రాయడానికే ఇంతసేపూ ఇటూ అటూ తిరిగాను. ఆ మూడు రోజులూ నా బతుకులో అన్నిటికన్నా మంచి రోజులు. పెళ్ళి రోజు కన్నా, మా పాప పుట్టిన రోజు కన్నా. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం ఎప్పుడైందో తెలిసేది కాదు. ఎడమచేతి సూదిలో పసుపు, కుడిచేతి సూదిలో వంగపండు. ఒకటి లేస్తే ఒకటి వంగాలి. మెలిక పడ్డప్పుడు వేలికొసకి తెలుస్తుంది, కంటికి తెలియకముందే. ఊపిరి కూడా ఆ లయకే వచ్చేది. కింద రోడ్డు మీద హారన్లు వినిపించేవి కావు. ఎనిమిదేళ్లుగా నేర్చుకున్నదంతా చేతిలోకి దిగింది. నేను పుట్టింది ఇందుకే అనిపించింది. ఆ చిల్లు నేనే పెట్టానన్న సంగతి మూడు రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఛీ. రాలేదంటే నమ్మండి.

ఆ మూడు రోజులూ నాకు పోగులు లాగి ఇచ్చింది ఎవరనుకున్నారు? సలోమక్కే. లోపలి చెంగు నుంచి ఒక్కొక్క పోగూ తెగకుండా లాగి, తడిచేతితో సాపు చేసి, తెల్లకాగితం మీద వరసగా పరిచి, రంగు ఎక్కడ కొంచెం వెలిసిందో చూసి, దానికి తగ్గది ఏరి నా చేతికి అందించింది. నేను చెయ్యి చాపితే సరైన పోగు వేళ్ళ మధ్యకి వచ్చేది. నా మొదటి కోర్వై పని అంత బాగా వచ్చిందంటే సగం ఆమె ఏరిన పోగుల వల్ల. కత్తెర మాత్రం ముట్టుకోలేదు. పోగు తెంచాల్సి వస్తే నన్ను తెంచమనేది.

నాలుగో రోజు చీర మాస్టర్ ఒళ్ళో పెట్టాను. కళ్ళు మూసుకున్నాడు. తడిమాడు. తిరగేసి తడిమాడు. వెలుతురుకి ఎత్తాడు. ఎక్కడ తెగిందో ఆయనకి తెలుసు, నాలుగు రోజుల కింద కళ్ళారా చూశాడు. అయినా వేలు దాని మీద నుంచే వెళ్లిపోయింది. మాట్లాడకుండా మడత పెట్టాడు. సలోమక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నా తల మీద చెయ్యి పెట్టింది. నేను నవ్వాను. నిజంగా, మనసారా నవ్వాను.

ఆమె కళ్ళు చూపించుకుంది. కళ్ళు బాగున్నాయన్నారు డాక్టర్లు, దగ్గర చూపు, దూరం చూపు, రెండూ బాగున్నాయట. ఆ సంగతి చెప్పడానికి గదికి వచ్చినప్పుడు ఆమె మొహం నేను మరిచిపోలేను. కళ్ళు పోయాయంటే అద్దాలు పెట్టుకునేది. కళ్ళు బాగున్నాయంటే పోయింది చెయ్యి. చేతికి ఏ అద్దాలు పెడతారు? ఆ తర్వాత నెల రోజులు ఇస్త్రీ చేసింది, టాకాలు వేసింది, చీరలు మడతపెట్టింది. సూది ముట్టుకోమంటే, వేరేవాళ్ల పెళ్లిచీరలు మాస్టర్, వద్దు, అనేది. మాస్టర్ రెండుమూడు సార్లు చెప్పి చూశాడు. తర్వాత ఒక రోజు రాలేదు. మాధవరంలో తమ్ముడి ఇంటి పక్కన ఇల్లు చూసుకుని, పాల కాలనీ వైపు ఒక చిన్న బడిలో ఆయాగా చేరిందని తెలిసింది.

కిటికీ స్టూలు నాదైంది. మాస్టర్ పోయాక గదీ నాదైంది.

ఇప్పుడు కత్తెర సంగతి. ఆ మధ్యాహ్నం నా కత్తెర నా దగ్గరే ఉంది. పిడికి ఎర్ర పీలిక కట్టినది. ప్యాంటు మోకాలు దగ్గర పోగులు తెంచుతూ దాన్ని చేతిలోనే పట్టుకుని ఉన్నాను. లేచేటప్పుడు దాన్ని కింద పెట్టి లేచాను. అక్కడికి వెళ్లి ఆమె కత్తెర తీసుకున్నాను. కోసిన తర్వాత మొనల్లో పోగు ముక్కలు ఇరుక్కోవడం చూశాను. తుడవలేదు.

ఎందుకని? చిల్లు ఒక్కటే కావాలంటే ఏ కత్తెరైనా కోస్తుంది కదా. చిల్లు ఒక్కటే ఉండి, అది పురుగు కొట్టిందనో, నలిగి పోయిందనో అనుకుని ఉంటే, ఆ పని ఎవరికి వచ్చేది? కిటికీ దగ్గర కూర్చున్నామెకి వచ్చేది. నాకు రాదు. ఆమె చెయ్యి మీద అనుమానం పడితేనే అది నా దాకా వస్తుంది. ఈ లెక్కంతా నా తలలో ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు, కానీ నా చేతికి తెలుసు. నా చెయ్యి ఎర్ర కత్తెర కింద పెట్టి నీలం కత్తెర తీసుకుంది. పని మీద పిచ్చి అని పంతొమ్మిదేళ్లు నాకు నేను చెప్పుకున్న కథ ఈ ఒక్క సంగతి దగ్గర తెగిపోతుంది. ఈ సంగతి నేను కావాలనే ఇన్నాళ్లూ తలచుకోలేదు. మీకు కూడా మొదట చెప్పలేదు, కత్తెర తీసుకున్నాను అని మాత్రం రాశాను. వెనక్కి వెళ్లి చూసుకోండి. రాసేటప్పుడు కూడా దాచాను, ఇంత నీచంగా ఉంది నా సంగతి.

కాలేజీ నుంచి వచ్చిన మూడో రోజు మాధవరం వెళ్లాల్సి వచ్చింది. మా ఆడపడుచు ఇల్లు మారింది. బస్సు దిగి నడుస్తుంటే, టెర్మినస్ బయట రోడ్డు పక్కన మిషన్ పెట్టుకున్న దర్జీ ముందు ఒకామె నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, ఆయాలు కట్టుకునే నీలం చీర. చేతిలో చిన్నపిల్లల స్కూలు చొక్కా. గుండీ ఒకటి ఊడింది. పిడికిట్లో ఆ గుండీ పట్టుకుని, దర్జీ ఖాళీ అయ్యేదాకా ఎండలో నిలబడి ఉంది. ఒక్క గుండీ కోసం.

సలోమక్క. ఈ ఊళ్ళోకెల్లా మంచి చెయ్యి. కంచి అంచు మెలికని మాస్టర్ వేలికి కూడా దొరక్కుండా రెండుసార్లు అల్లిన చెయ్యి. గుండీ కుట్టించుకోవడానికి రోడ్డు మీద వరసలో నిలబడింది.

నన్ను చూసి మొహమంతా వెలిగిపోయింది. మా పాప ఎంత చదివిందని అడిగింది. తన మనవరాలి చొక్కా అని చెప్పింది. గుండీ సంగతి నేనే ఎత్తాను, ఇంట్లో కుట్టుకోవచ్చు కదా అక్కా అని. ఆమె నవ్వేసింది. "నా చెయ్యి సంగతి నీకు తెలీదా మే," అంది. "బిడ్డ చొక్కా, ఏడైనా కోసేస్తే?"

అదీ సమయం. దారిన పోయేవాళ్లు తప్ప ఎవరూ లేరు. మాస్టర్ లేడు, చీర తెచ్చినావిడ ఎక్కడుందో తెలియదు, నా ఉద్యోగం తీసేసేవాళ్లు లేరు. భయపడటానికి ఒక్క కారణం కూడా లేదు. నేనేం చేశానో తెలుసా? నా సంచిలోంచి సూదీ దారం తీసి, ఆ గట్టు మీదే కూర్చుని, ఆ గుండీ కుట్టి ఇచ్చాను. గుండీ కింద దారంతో మెడ కట్టి, నాలుగు చుట్లు చుట్టి, ముడి కనిపించకుండా లోపలికి లాగి. ఆమె చొక్కా చేతిలోకి తీసుకుని, వేలితో తడిమి, నీ మాదిరి చెయ్యి ఎవురికి వస్తాది మే అంది. నాకు సంతోషం వేసింది. ఇదే మీకు చెప్పాలని ఇంత దూరం వచ్చాను. ఆమె అలా అనగానే నాకు ఒళ్ళంతా సంతోషం వేసింది, మాస్టర్ చీర మడత పెట్టినప్పటిలాగే. అరక్షణం. ఆ తర్వాత బస్టాండు గోడ పక్కకి వెళ్లి కక్కుకున్నాను.

మాధవరం మళ్ళీ వెళ్లి ఆమెకి చెబుతానా? తెలియదు. చెబుతానని రాస్తే నా మీద మీకు కొంచెం జాలి కలుగుతుంది, పోనీలే పాపం అంటారు. ఆ జాలి కూడా నేను చేతికి తీసుకుని తడిమి చూసుకుని మురిసిపోయే రకాన్ని. అందుకని రాయను. పోనీ చెబితే ఆమెకి ఏం తిరిగొస్తుంది? పంతొమ్మిదేళ్లు వస్తాయా? ఆమెకి అరవై దగ్గర పడుతోంది. ఇప్పుడు వెళ్లి నీ చెయ్యి ఏ తప్పూ చేయలేదక్కా అంటే, ఆమె ఏడ్చి నన్ను క్షమించినా క్షమించగలదు. అలాంటి మనిషి. దానికే నాకు ఇంకా ఎక్కువ భయం.

ఆ చీర ఇప్పుడు ఎవరి బీరువాలో ఉందో నాకు తెలియదు. ఆ అమ్మ కూతురో, కూతురి కూతురో కట్టుకుంటూ ఉంటుంది. లోపలికి దోపుకునే చెంగు నుంచి కొలిస్తే నాలుగు జానలు, ఆ పైన మూడు వేళ్లు. వంగపండు రంగు పసుపు అంచుతో కలిసే చోట. మీరు వెతికినా దొరకదు. నేను వెతికినా నాకే దొరక్కపోవచ్చు. అంత బాగా చేశాను. తప్పుకి సాక్ష్యం లేకుండా నా చేతులతో నేనే అల్లేశాను. మిగిలింది నా నోరు ఒక్కటే, అది ఇన్నేళ్లు మూసుకుని ఉంది.

పైన రాసిందంతా ఒకసారి చదివాను, అందంగా రాసుకున్న చోట్లు కూడా ఉన్నాయి, వాటిని చూస్తే సిగ్గేసింది, కొట్టేయలేదు. కొంచెం తేలిగ్గా ఉంది. అంతకన్నా ఏమీ లేదు. చెప్పాల్సిన మాట ఒకటే, దాన్ని పూర్తిగా చెప్పి ఆపేస్తాను.

అక్కడ ఒక చిల్లు ఉంది. సలోమక్క కత్తెర తీసుకుని నేను కోశాను. సలోమక్క చెయ్యి జారలేదు.